బార లోతు: ఒక నావికుల మాట చరిత్ర

1

కొన్నేళ్ళ కిందట ఉద్దానం తీరంలోని ఒక హైస్కూల్లో పనిచేస్తున్నప్పుడు, ఇంగ్లీషు మేస్టారు సెలవు పెట్టిన రోజున ఆయన తరగతి నాకు పడింది. పాఠంలో ‘ఫాథమ్’ అనే మాట వచ్చింది. నిఘంటువు తీసి చూశాను. నామవాచకంగా ఆరడుగుల లోతు అనీ, క్రియగా లోతు కొలుచుట, అంతు తెలుసుకొనుట, అవగాహన చేసుకొనుట అనీ అర్థాలున్నాయి. వాటిని నల్లబల్ల మీద రాసి, ఆరడుగులంటే ఎంతో చూపించడానికి రెండు చేతులూ అటూ ఇటూ చాపాను. సముద్రపు ఒడ్డు పేట నుంచి వచ్చే కుర్రాడొకడు వెనక బెంచీలోంచి లేచి, “అది మా బారే గదేటండి మేస్టారూ!” అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ నవ్వులో ఉన్న తప్పేమిటో తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది. ఆ కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. అంతేకాదు, నా ఎమ్మే చదువులో ఎక్కడా తగలని ఒక ప్రశ్నను అతను తనకు తెలియకుండానే వేశాడు. ఒకే మనిషి శరీరం నుంచి, ఒకే పని నుంచి పుట్టిన రెండు మాటల్లో ఒకటి ఇంగ్లీషులో ఆలోచనాపరుల క్రియాపదమై కూర్చుంటే, రెండోది తెలుగులో చేపల పేట దాటి ఎందుకు రాలేదు? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం.

2

ముందు ఇంగ్లీషు మాట సంగతి చూద్దాం. ప్రాచీన ఆంగ్లంలో ఈ మాటకు సముద్రంతో ముడి లేదు. దాని మొదటి అర్థం చాచిన చేతులు, కౌగిలి, రొమ్ము. దాని క్రియారూపానికి కౌగిలించుకొనుట, చుట్టుముట్టుట అని అర్థం. స్కాండినేవియా భాషల్లో దీని సోదర పదాలు ఇప్పటికీ కౌగిలి అనే అర్థాన్ని నిలుపుకున్నాయి. జర్మన్‌లో ఇదే మాట మరో దారిన పోయి దారం అనే అర్థంలో స్థిరపడింది. చేతులు చాచి దారాన్ని కొలిచే పని నుంచి ఆ అర్థం వచ్చింది. ఈ పదాలన్నిటికీ మూలమైన ధాతువుకు పరచుట, విప్పుట అని అర్థం చెబుతారు భాషావేత్తలు.

కౌగిలి కొలత ఎలా అయింది? దీనికి జవాబు ఓడ మీద పనిలో ఉంది. తెలియని రేవులోకి పోతున్న ఓడ అడుగు నేలకు తగలకుండా ఉండాలంటే ముందు నీటి లోతు తెలియాలి. ఒక నావికుడు ఓడ అంచున నిలబడి, సీసపు గుండు కట్టిన తాడును నీటిలోకి వదులుతాడు. గుండు నేలకు తగిలాక తాడును పైకి లాగుతూ, రెండు చేతులూ చాచిన ప్రతిసారీ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాడు. కౌగిలించుకోవడానికి చాచినట్టే చేతులు చాచి తాడు కొలుస్తాడు. కౌగిలి కొలత అయింది ఇక్కడే. తరవాతి కాలంలో తాడుకు గుర్తులు కట్టారు. రెండు ఫాథమ్‌ల దగ్గర రెండు తోలు ముక్కలు, ఐదు దగ్గర తెల్లగుడ్డ, ఏడు దగ్గర ఎర్రగుడ్డ. రాత్రి చీకట్లో కంటికి కనబడకపోయినా చేతికీ పెదవికీ తెలిసేటట్టు గుర్తుకొక రకం గుడ్డ. గుండు అడుగున గుంట చేసి అందులో కొవ్వు కూరేవారు. ఇసుకో, బురదో, గుల్లలో దానికి అంటుకుని పైకి వచ్చేవి. లోతే కాదు, అడుగున ఉన్న నేల కూడా చేతికి అందేది. అమెరికా రచయిత శామ్యూల్ క్లెమెన్స్ పెట్టుకున్న మార్క్ ట్వెయిన్ అనే కలంపేరు మిసిసిపీ నది మీద పడవ నడిపేవాళ్ళ కేకే. ఆ పేరుకు రెండు ఫాథమ్‌ల నీళ్ళున్నాయి అని అర్థం.

ఇక క్రియ. లోతు కొలుచుట అనే అర్థంలో ఈ మాట ఇంగ్లీషులో సుమారు 1600 ప్రాంతంలో కనిపిస్తుంది. ఆ తరవాత పాతికేళ్ళు తిరక్కుండానే ఒక విషయం అంతు తెలుసుకొనుట అనే అర్థం వచ్చి చేరింది. షేక్‌స్పియర్ నాటకం ‘యాజ్ యూ లైక్ ఇట్’లో రోజలిండ్ తన ప్రేమ ఎన్ని ఫాథమ్‌ల లోతో ఎవరికీ తెలియదనీ, పోర్చుగల్ అఖాతానికి మల్లే దానికి అడుగు దొరకదనీ అంటుంది. అంటే అప్పటికే లండన్ నాటకశాలలో కూర్చున్న మామూలు ప్రేక్షకుడికి నావికుల కొలత అర్థమయ్యేంత దగ్గరకు వచ్చేసింది.

ఈ కాలాన్ని గమనించాలి. ఈస్టిండియా కంపెనీకి పట్టా దొరికింది 1600 చివరి రోజున. కంపెనీ ఓడ మచిలీపట్నం చేరింది 1611లో. ఇంగ్లీషు మాటకు లోతు కొలవడం నుంచి అర్థం చేసుకోవడం దాకా అర్థం పెరిగిన కాలం, ఇంగ్లీషు ఓడలు మన తీరంలో గుండు తాడు వదిలిన కాలం దాదాపు ఒకటే. ఒకటి రెండోదానికి నేరుగా కారణమని నేననడం లేదు. కాని ఒక సమాజం బతుకుతెరువు, సంపద, రాజ్యం సముద్రం మీద ఆధారపడినప్పుడు సముద్రం మీద పనిచేసేవాడి మాట ఆ సమాజం మెదడులోకి ఎక్కుతుంది. భాష ఉమ్మడి శ్రమలోంచి పుట్టిందని ఎంగెల్స్ 1876లో రాసిన వ్యాసంలో వాదించాడు. మనిషి చెయ్యి శ్రమ సాధనమే కాదు, శ్రమ ఫలితం కూడా అన్నాడు. ఈ ఒక్క మాట చరిత్ర చాలు, ఆ వాదాన్ని పిల్లలకు చెప్పడానికి.

అయితే ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. మాట ఎక్కినంత మాత్రాన మనిషి ఎక్కలేదు. ఆ తాడు వదిలిన ఇంగ్లీషు నావికుల్లో ఎంతోమంది రేవు వీధుల్లో బలవంతాన పట్టుకుపోయి ఓడెక్కించినవాళ్ళు. నౌకాదళానికి ఇలా మనుషుల్ని పట్టుకోవడం ఆ దేశంలో పందొమ్మిదో శతాబ్దం మొదటి దాకా సాగింది. వాళ్ళ చేతుల కొలత తత్వవేత్తల నోట పలికింది. వాళ్ళు మాత్రం ఓడ కింది అంతస్తులోనే ఉండిపోయారు. కాబట్టి ఇంగ్లీషును చూసి మురిసిపోవలసిందేమీ లేదు. ఆ సమాజం నావికుడి మాటను వాడుకుంది. మన సమాజం ఆ పని కూడా చెయ్యలేదు.

3

ఇప్పుడు బార దగ్గరకు వద్దాం. జాన, మూర, బార. రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. రెండు చేతులూ చాచినప్పుడు ఈ కొసవేలి నుంచి ఆ కొసవేలి దాకా ఉండే పొడవు. బ్రౌను తన నిఘంటువులో ఈ మాటకు ఇచ్చిన ఇంగ్లీషు అర్థం కూడా ఫాథమే. ఉద్దానంలో కొబ్బరితాడు కొలవాలంటే ఇప్పటికీ చేతులు చాపుతారు. తీరంలో ఎక్కడ వల వేశారని అడిగితే ఇన్ని బారల నీళ్ళలో అని జవాబు వస్తుంది. నీళ్ళు ఇన్ని బారలు దాటితే ఏ చేప దొరుకుతుందో, ఎక్కడ అడుగు బురదో, ఎక్కడ రాతినేల మీద వల చిరుగుతుందో తెలిసినవాడే పెద్ద వేటగాడు. అతనికి ఒడ్డున మహేంద్రగిరి ఒక గుర్తు, ఏదో ఒక గుడి శిఖరమో తాటితోపో మరో గుర్తు. ఆ రెండు గుర్తులూ ఒక వరసలో పడ్డ చోటు, బారల లెక్క, ఈ రెండూ కలిస్తే సముద్రం మీద ఒక చిరునామా. దాన్ని ఏ కాగితం మీదా రాయలేదు. తండ్రి కొడుక్కి తెప్ప మీద చెప్పాడు.

ఈ కొలత ఒక్క తెలుగువాడిదే కాదు. తమిళ జాలరి దీన్ని పాగం అంటాడు. మలయాళంలో మాఱు అంటారు. ఆ భాషలో అదే మాటకు రొమ్ము అని కూడా అర్థం. ప్రాచీన ఆంగ్లంలోని కౌగిలి, రొమ్ము అనే అర్థాల్ని దీని పక్కన పెట్టి చూడండి. ఒకరి భాష మరొకరికి తెలియని ఇద్దరు మనుషులు, రెండు సముద్రాల మీద, తాడు లాగుతూ తమ శరీరంలోని ఒకే చోటికి చేరుకున్నారు. సంస్కృతంలో దీని పేరు వ్యామం. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఎనభై నాలుగు అంగుళాలను ఒక వ్యామంగా లెక్కకట్టి, అది తాళ్ళనూ తవ్విన లోతునూ కొలవడానికని చెబుతుంది. తాడూ లోతూ అక్కడ కూడా జంటగానే వచ్చాయి. అంటే రాజ్యానికి పన్ను లెక్కలో ఈ కొలత అవసరమైనప్పుడు శాస్త్రగ్రంథం దాన్ని ఎరుగును. కావ్యం ఎరగదు.

వాడుక తెలుగులో బార పూర్తిగా చచ్చిపోలేదు. బారెడు పొద్దెక్కిందంటాం. ఆకాశంలో సూర్యుడి నడకను కూడా చేతులు చాచి కొలిచిన జాతి మనది. బారలు వేసుకుంటూ ఈదాడంటాం. మూరెడు ముందుకు పోతే బారెడు వెనక్కి అంటాం. మోకాటిలోతు, మొలలోతు, పీకలలోతు అని నీటి లోతును ఒంటిమీదే కొలుస్తాం. పీకలలోతు అప్పుల్లో ఉన్నాం అన్నప్పుడు ఆ కొలత బతుకులోకి వచ్చేసింది కూడా. కాబట్టి శరీరపు కొలతను ఆలోచనగా మార్చే శక్తి తెలుగుకు లేదనడానికి వీల్లేదు. ఆ శక్తి ఉండీ, బార మాత్రం బుద్ధికి సంబంధించిన క్రియ కాలేకపోయింది.

4

బదులుగా మనం వాడుతున్నది అవగాహన. ఈ మాట మూలార్థం చాలామందికి గుర్తుండదు. అవగాహనం అంటే నీటిలో మునగడం, స్నానం చెయ్యడం. అలాగే అగాధం అంటే కాలు నిలవనిది, నడిచి దాటడానికి వీల్లేనిది. అంటే తెలియడం గురించీ తెలియకపోవడం గురించీ మనం వాడే ఈ పెద్ద మాటలు కూడా నీటిలోంచే వచ్చాయి. అయితే ఏ నీళ్ళు? నది ఒడ్డున నిలబడినవాడి నీళ్ళు. రేవులో దిగి మునిగి లేచేవాడూ, కాలు నిలుస్తుందో లేదో చూసుకుని నదిని దాటేవాడూ ఎరిగిన నీళ్ళు. తాడు వదిలి లోతు కొలిచి, ఆ లోతులోంచి తిండి సంపాదించుకునేవాడి నీళ్ళు కావు. రెండింటికీ భేదం ఉంది. మునిగినవాడికి నీటి స్పర్శ తెలుస్తుంది. కొలిచినవాడికి నీటి లెక్క తెలుస్తుంది. మొదటిది అనుభవం, రెండోది ఆ అనుభవాన్ని పదిమందికి అప్పగించగలిగే జ్ఞానం.

ఈ తేడా ఒక్క మాటతో ఆగలేదు. నీటికి సంబంధించిన మన నుడికారం అంతా పరిశీలించండి. గట్టెక్కడం, దరిచేరడం, ఒడ్డున పడడం, కడతేరడం. నట్టేట ముంచడం, నడిసముద్రంలో వదిలెయ్యడం. ఇవన్నీ ఎవరి మాటలు? నీటిని చూసి భయపడి, ఎప్పుడు నేల మీద అడుగు పెడతామా అని ఎదురుచూసే ప్రయాణికుడివి. మన వేదాంతంలో సంసారమే సాగరం. దాన్ని దాటిపోవడమే మోక్షం. కాని తీరంలో ఉన్న మనిషికి సాగరమే సంసారం. ఉదయం అల దాటి లోపలికి పోవడమే అతని బతుకు. అతనికి ఒడ్డు విశ్రాంతే గాని ముక్తి కాదు. రెండు మాటలు అటూ ఇటూ మారితే లోకమే తలకిందులవుతుంది. మన సాహిత్యం సముద్రాన్ని శతాబ్దాలుగా ప్రయాణికుడి కళ్ళతోనే చూసింది.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అనే సామెత మనందరికీ తెలుసు. కృతఘ్నుణ్ణి ఎత్తిపొడవడానికి దీన్ని వాడతాం. నాకిది తెలుగు భాషా చరిత్రకే సామెతగా కనిపిస్తుంది. ఓడ నడిపినవాడి పేరు మీద మన నిఘంటువులు కూడా ఏరు దాటాయి. దాటిన తరవాత అతని మాటల్ని బోడి మాటలన్నాయి. మన తీరంలోని వాడబలిజల పేరులోని వాడ అనే మాటను ఓడకు రూపాంతరంగా థర్‌స్టన్ 1909లో అచ్చయిన తన గ్రంథంలో గుర్తించాడు. పేరులోనే ఓడను మోస్తున్న కులానికి నీచత్వం అంటగట్టిన సమాజం, ఆ కులం నోటిలోని మాటకు పాండిత్యంలో పీట వేస్తుందా?

వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఈ శ్రీకాకుళం సీమలోనే. ఆయన గ్రాంథికవాదులతో వాదించడంతో ఆగలేదు. కొండల మీదికి పోయి సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశాడు. ఆయన వాదం గెలిచింది. పత్రికల్లో, పుస్తకాల్లో వాడుక భాష వచ్చింది. కాని ఎవరి వాడుక? చదువుకున్నవాళ్ళ ఇళ్ళలోని వాడుక. గిడుగు కొండ ఎక్కాడు, మనం సముద్రంలోకి దిగలేదు. ఆ తరవాత భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో మాండలిక వృత్తిపదకోశాలు మొదలై, 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు అచ్చుకు రావడం గొప్ప పని. కోశంలోకి ఎక్కిన మాటను మన కథల్లోకి, మన విమర్శలోకి ఎక్కించవలసిన పని మాత్రం రచయితలది. ఆ పనిలో మనం వెనకబడ్డాం. కళింగాంధ్ర కథ పొలంగట్టు మీద నడిచినంత దూరం అలల మీద నడవలేదు. రాసినవాళ్ళు లేరని కాదు, చాలలేదని నా ఉద్దేశం.

5

ఇదంతా ఒక పాత కొలత మీద మమకారం అనుకునేవాళ్ళుంటారు. కొలతల చట్టం 1956లో వచ్చింది, మీటర్లు వచ్చాయి, ఇంగ్లీషువాళ్ళు కూడా తమ సముద్ర పటాల్లో ఫాథమ్ మాని మీటరు పట్టారు, ఇంక బార గురించి ఏడవడమెందుకని అడగవచ్చు. మీటరు మీద నాకు కోపం లేదు. ఎవరి చెయ్యి పొడుగో చూడకుండా అందరికీ ఒకే కొలత ఇవ్వడం న్యాయమే. నా ప్రశ్న కొలిచే అధికారం గురించి.

కంపెనీ తన ఓడల కోసం జలపటాల అధికారిని నియమించింది 1779లో. ఆ పదవి చేపట్టిన డాల్రింపుల్ కుర్రవాడిగా మద్రాసులో కంపెనీ గుమాస్తాగా బతుకు మొదలుపెట్టినవాడే. అలాంటివాళ్ళ పటాల్లో మన తీరం వెంట అంకెలు పడ్డాయి. ప్రతి అంకే ఎన్ని ఫాథమ్‌ల నీళ్ళో చెబుతుంది. కళింగపట్నం, బారువ రేవుల దగ్గర ఓడ ఒడ్డుకు రాలేదు. దూరంగా లంగరు వేసి నిలబడేది. అలలు దాటించి సరుకునూ మనుషుల్నీ చేరవేసింది, పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టిన పడవలు నడిపిన మనవాళ్ళు. ఏ అల వెనక ఏ అల వస్తుందో తెలిసిన ఆ చేతులు లేకపోతే పటంలోని అంకె ఓడను రేవుకు చేర్చలేదు. పటం మీద అంకె మిగిలింది, పడవవాడి పేరు మిగల్లేదు.

ఇవాళ పరిస్థితి చూడండి. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఇంత తీరం ఉండీ ఇక్కడి మత్స్యకారులు రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్‌కు పోయి, ఎవరివో మరబోట్ల మీద కూలీలుగా చేరుతున్నారు. ఆ బోటు మీద లోతు చెప్పేది యంత్రం, దారి చెప్పేది యంత్రం. ఆ యంత్రం బోటు యజమానిది. బారల లెక్క తెలిసిన మనిషి అక్కడ వల లాగే రెండు చేతులు మాత్రమే. ఇలా పోయినవాళ్ళు 2018 నవంబరులో సరిహద్దు దాటారని పాకిస్తాన్ అధికారులకు పట్టుబడ్డారు. మన రాష్ట్రానికి చెందిన ఇరవైమంది మత్స్యకారులు తిరిగి వాఘా దగ్గర మన నేల మీద అడుగు పెట్టింది 2020 జనవరిలో. నీటి మీద గీసిన ఆ గీతను ఏ బారతోనూ కొలవలేరు. తన సొంత సముద్రంలో అడుగు నేల రంగు కూడా చెప్పగలిగినవాడు, పరాయి సముద్రంలో తానెక్కడున్నాడో తెలియక చెరసాలకు పోయాడు. జ్ఞానం ఉన్నవాణ్ణి కూలీగా మార్చడమంటే ఇదే. టెక్కలి దిగువన సంతబొమ్మాళి మండలంలోని మూలపేటలో 2023 ఏప్రిల్‌లో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. అక్కడ పెద్ద ఓడలకు కావలసిన లోతును మీటర్లలో లెక్కగడతారు. ఆ లెక్కలో పక్క పేటల చేతులకు చోటెంతో, ఆ చేతుల దగ్గరున్న లెక్కను ఎవరైనా అడిగారో లేదో మనం కనిపెట్టి ఉండాలి.

ఉద్దానం పేరు చెప్పగానే పత్రికలు వాడే విశేషణం ఒకటుంది. అంతుచిక్కని కిడ్నీ వ్యాధి. ఇంగ్లీషులో చెబితే ఫాథమ్ చెయ్యలేనిది. రెండు దశాబ్దాలకు పైగా నిపుణులు వస్తున్నారు. నీళ్ళు పట్టుకుపోతున్నారు, మట్టి పట్టుకుపోతున్నారు, రక్తం పట్టుకుపోతున్నారు. హిరమండలం జలాశయం నుంచి నీళ్ళు తెచ్చే పథకం వచ్చింది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అవసరమైన పనులే. వ్యాధికి ఇదీ మూలకారణమని మాత్రం ఇంకా ఖాయంగా తేలలేదు. ఆ పరిశోధన వైద్యులు చెయ్యవలసిందే, రచయిత చెయ్యలేడు. కాని జీడితోటలో ఎండలో పనిచేసే మనిషి రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతాడు, ఏ నొప్పికి ఏ మాత్ర మింగుతాడు, డయాలసిస్‌కు పోయిన రోజు కూలి ఎలా పూడ్చుకుంటాడు, ఆ ఇంటి ఆడపిల్ల చదువు ఏ తరగతిలో ఆగిపోయింది అనే లోతు ఉంది చూశారూ, దాన్ని కొలవవలసిన తాడు మన చేతుల్లో ఉంది.

ఇక్కడే ఆ ఇంగ్లీషు మాట మనకు పాఠం చెబుతుంది. దాని అర్థాలు వచ్చిన వరస గుర్తు చేసుకోండి. మొదట కౌగిలించుకోవడం, తరవాత కొలవడం, ఆ తరవాతే అర్థం చేసుకోవడం. కౌగిలి లేకుండా కొలిచేవాడు సర్వేయరు. కొలత లేకుండా కౌగిలించుకునేవాడు ఉత్త సానుభూతిపరుడు. మన సాహిత్యంలో ఈ రెండో రకం ఎక్కువ. కన్నీళ్ళు ఉంటాయి గాని బారల లెక్క ఉండదు. వల పేరు, తెప్పకు కట్టిన కట్టు పేరు, షావుకారు కాటాలో కోసే కోత ఎంతో తెలియకుండానే జాలరి మీద కవిత రాసేస్తాం. అది ఒడ్డున నిలబడి మునిగినట్టు నటించడమే.

మొన్న ఆ పాత బడి మీదుగా పోతూ, ఆనాటి కుర్రాడి గురించి ఆరా తీశాను. పలాసలో రైలెక్కి పడమటి తీరానికి పోయాడని చెప్పారు. మళ్ళీ ఎప్పుడైనా కనిపిస్తే నేను చెప్పవలసిన మాట ఒకటుంది. ఆ రోజు నల్లబల్ల మీద నేను రాసిన అర్థం సగమే, మిగతా సగం నువ్వు చెప్పావు అని. ఆ తరవాత అతని దగ్గర అడిగి రాసుకోవలసిన మాటలు చాలా ఉన్నాయి. అందుకు నోటుపుస్తకం ఒకటి కొని ఉంచుకున్నాను. దాని మొదటి పేజీలో ఒక్క మాటే ఉంది: బార.